షాపు ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?

"యూనియన్ అంటే ఆర్టీసీకి, సింగరేణికి, ఫ్యాక్టరీలకు. చీరలు చూపించేవాళ్లకూ బిల్లు కొట్టేవాళ్లకూ యూనియన్ ఏంటి?" బట్టల షోరూంలోనో, సూపర్‌మార్కెట్‌లోనో, నగల దుకాణంలోనో, మాల్‌లోనో పనిచేస్తుంటే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. చట్టం మాత్రం అలాంటి తేడా ఏమీ పెట్టలేదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. కార్మిక సంఘాల రిజిస్ట్రేషన్ విషయంలో చట్టం చెప్పే "కార్మికుడు" అనే మాటలో వ్యాపారంలో పనిచేసేవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లలో షాపు గుమస్తాల సంఘాలు పాత సంగతే. పెద్ద షోరూంలలోకి, మాల్స్‌లోకి మాత్రం ఆ అలవాటు పెద్దగా రాలేదు.

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో షాపుల్లో పనిచేసేవాళ్లు యూనియన్ పెట్టుకోవాలంటే ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. కాగితం పని అంత కష్టం కాదు. రెండో ఫ్లోర్ చీరల కౌంటర్ అమ్మాయి, కింద బిల్లింగ్‌లో కూర్చునే అబ్బాయి, గోడౌన్‌లో స్టాక్ దించే మనిషి ఒకరినొకరు నమ్మడమే కష్టం. అందుకే మొదటి మెట్ల గురించి ఎక్కువ రాశాను.

చట్టం సంగతి కొంచెం. దాదాపు నూరేళ్లు మనకు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ఉండేది. దాని వెనక మద్రాసు కథ ఉంది. 1918లో బి.పి. వాడియా అనే నాయకుడు అక్కడి బిన్నీ బట్టల మిల్లుల కార్మికులతో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టారు. కంపెనీ కోర్టుకెళ్లి ఆయన మీదే దావా వేసి, కార్మికుల వ్యవహారంలో కలగజేసుకోకుండా ఉత్తర్వు తెచ్చుకుంది. సంఘం పెట్టినందుకే మనిషి కోర్టుపాలు కావడం చూశాకే, రిజిస్టరైన యూనియన్‌కూ దాని నాయకులకూ చట్టబద్ధమైన యూనియన్ పనుల విషయంలో రక్షణ కావాలన్న వాదన బలపడి, చివరికి చట్టంలోకి ఎక్కింది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పది కేంద్ర కార్మిక సంఘాలు దీన్నీ, దీనితోపాటు వచ్చిన మిగతా కార్మిక కోడ్‌లనూ గట్టిగా వ్యతిరేకిస్తున్నాయి, ముఖ్యంగా సమ్మె మీద పెట్టిన షరతులను. వాళ్ల అభ్యంతరాల్లో చాలావాటితో నేను ఏకీభవిస్తాను. అయినా ఈ రోజు మీరు దరఖాస్తు పెట్టాలంటే ఈ కోడ్ ప్రకారమే పెట్టాలి. సంఘం పెట్టుకునే హక్కు, ఆ రక్షణ ఇందులోనూ ఉన్నాయి.

1. ముందు ఒక నోటుబుక్ తీసుకుని మీ షాపును రాసుకోండి

ఎవరితోనూ ఏమీ అనకముందే చేయాల్సిన పని ఇది. ఫ్లోర్ల వారీగా, కౌంటర్ల వారీగా ఎంతమంది ఉన్నారు, ఎవరు ఏ షిఫ్టు, ఎవరి వీక్లీ ఆఫ్ ఏ రోజు అన్నీ రాయండి. ఎవరి మాటకు పక్కవాళ్లు విలువిస్తారో కూడా రాయండి. ప్రతి షాపులోనూ ఎవరికి కష్టం వచ్చినా మిగతావాళ్లు వెళ్లి చెప్పుకునే అక్కో అన్నో ఒకరుంటారు. గట్టిగా మాట్లాడే మనిషికీ, నలుగురూ నమ్మే మనిషికీ తేడా ఉంటుంది. మీకు కావాల్సింది రెండో మనిషి.

తర్వాత జీతం ఎవరిస్తున్నారో చూడండి. షాపు అంటే బయటికి ఒకటే బోర్డు, లోపల మాత్రం నలుగురు యజమానులుంటారు. మొబైల్స్, టీవీలు, కాస్మెటిక్స్ కౌంటర్ల దగ్గర నిలబడేవాళ్లలో చాలామంది బ్రాండ్ కంపెనీ ప్రమోటర్లు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్లు ఏజెన్సీ మనుషులు. మీరు ఎవరి మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నారు, పీఎఫ్ ఎవరి పేరున పడుతోంది అన్నది తెలియకపోతే రేపు డిమాండ్ పత్రం ఎవరికి ఇవ్వాలో కూడా తెలియదు. జీతం స్లిప్పు, బ్యాంకు మెసేజ్, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ ఖాతా (యూఏఎన్) పాస్‌బుక్ చూస్తే తేలిపోతుంది.

ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌లను ఏం చేయాలని అందరూ అడుగుతారు. యూనియన్‌లో చేరడానికి చట్టం అడ్డు చెప్పదు కానీ, మేనేజర్లు, 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు పారిశ్రామిక వివాదాల లెక్కలో కార్మికుల కిందికి రారు. నా సలహా అడిగితే, హాజరు వేసేవాళ్లను, సెలవు మంజూరు చేసేవాళ్లను మొదట్లో దూరంగానే ఉంచండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. పైనుంచి ఒత్తిడి వస్తే వాళ్లు ఇరుకున పడతారు, వాళ్లతోపాటు మీరూ పడతారు.

2. ఒక్క సమస్యను పట్టుకోండి, పది కాదు

జీతం పెంచాలి, బోనస్ కావాలి, టార్గెట్ తీసేయాలి, హాస్టల్ భోజనం బాగుండాలి అని అన్నీ కలిపి మొదలుపెట్టిన ప్రయత్నాలు తొందరగా చల్లారతాయి. కౌంటర్ మారినా, షిఫ్టు మారినా అందరికీ తగిలేది, అడిగితే దొరికే వీలున్నది ఒక్కటి వెతకండి.

కేరళలో కోళికోడ్ నగరంలోని మిఠాయి తెరువు అనే బజారులో జరిగింది చూడండి. అక్కడి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు, కూర్చోవడానికి లేదు. రోజంతా నీళ్లు తాగకుండా గడిపేవాళ్లు. కుట్టుపని చేసే పి. విజి అనే ఆవిడ, తోటివాళ్లు కలిసి పెణ్‌కూట్టు అనే మహిళా బృందం పెట్టుకున్నారు. వాళ్లు మొదట అడిగింది టాయిలెట్, ఆ తర్వాత కూర్చునే హక్కు. అసంఘటిత రంగ మహిళల కోసం సొంత యూనియన్ కూడా పెట్టుకున్నారు. 2014 చివర్లో త్రిశూర్‌లోని ఒక చీరల షోరూం ఉద్యోగినులు ఇదే విషయంలో నెలల తరబడి ఆందోళన చేశారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును అందులో చేర్చింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది. ఒక స్టూలు కోసం మొదలైన గొడవ రెండు రాష్ట్రాల్లో చట్టమైంది. ఆ సమస్య ప్రతి ఒక్కరి కాళ్లకూ తెలుసు కాబట్టే అంత దూరం వెళ్లింది.

ఇప్పుడు ఆ హక్కు కేంద్ర చట్టంలోనూ ఉంది. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం నిలబడి పనిచేయాల్సిన వాళ్లకు కూర్చునే ఏర్పాటు, ఆడవాళ్లకు మగవాళ్లకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకు ఇది వర్తిస్తుంది. చట్టం ముందే ఇచ్చినదాన్ని అడగడంతో మొదలుపెట్టడం మంచిదని అందుకే అంటున్నాను. "గొంతెమ్మ కోరికలు" అని యాజమాన్యం కొట్టిపారేయలేదు, మీ వాళ్లకూ ధైర్యం వస్తుంది.

అలాంటివి ఇంకా ఉన్నాయి. మీ షాపులో ఏది ఎక్కువ నొప్పిగా ఉందో మీరే చూసుకోండి.

పది నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కోసేస్తున్నారా? రాని సమయానికి మించి జీతం కోయకూడదని వేతనాల కోడ్ చెబుతోంది. జరిమానా వేసినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. స్టాక్ తక్కువైందని కౌంటర్‌లో అందరి జీతాల నుంచీ పంచి కోయడం చాలా షోరూంలలో మామూలైపోయింది. చట్టం ఒప్పుకునేది అది కాదు. ఆ సరుకు మీకే ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, మీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోసేముందు మీ వివరణ అడగాలి. షార్టేజ్ కోతలనేవి నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపిస్తాయి. కెమెరాలున్నాయి, సెక్యూరిటీ ఉంది, అయినా దొంగతనం భారం తక్కువ జీతం వాళ్ల మీదే పడుతోంది.

పనిగంటలు చూడండి. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం షాపులో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటల పని తర్వాత గంట విరామం, వారానికి ఒక సెలవు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో సవరణ చేసి రోజు పరిమితిని 10 గంటలకు పెంచారు, వారానికి 48 గంటలన్నది అలాగే ఉంది. అంతకు మించితే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు. ఆషాఢం సేల్‌లో, దసరాకు, పెళ్లిళ్ల సీజన్‌లో వీక్లీ ఆఫ్‌లు రద్దు చేసి రాత్రి పదకొండు దాకా నిలబెట్టే షాపుల్లో ఈ ఒక్క లెక్క వేసి చూస్తే చాలు, బకాయి ఎంతో తెలిసిపోతుంది.

ఈఎస్ఐ, పీఎఫ్ చూడండి. జీతం 21,000 లోపు ఉంటే, షాపులో పదిమంది, అంతకు మించి ఉంటే ఈఎస్ఐ ఉండాలి. పీఎఫ్‌కు ఇరవై మంది. జీతంలోంచి కోస్తున్నారు కానీ ఖాతాలో పడటం లేదంటే అది చాలా పెద్ద సంగతి. ఆధారాలు చేతిలో పెట్టుకుని దానితోనే మొదలుపెట్టవచ్చు.

3. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

మీటింగ్ పెట్టి ఉపన్యాసం ఇవ్వడం తర్వాతి సంగతి. ముందు ఒక్కొక్కరితో పది నిమిషాలు. టీ బండి దగ్గర, బస్సులో, హాస్టల్ గదిలో, ఎక్కడైనా సరే. మీరు తక్కువ మాట్లాడి వాళ్లను ఎక్కువ మాట్లాడనివ్వండి. "నీకు ఇక్కడ అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేంటి?" అని అడిగి ఊరుకుంటే చాలు, చెబుతారు. యూనియన్ అన్న మాట మొదటి రోజే తేవాల్సిన పనిలేదు. మీరు అనుకున్న సమస్యా వాళ్లు చెప్పిన సమస్యా వేరైతే వాళ్లదే సరైనదని తీసుకోండి.

ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న షాపులో మగవాళ్లే తిరిగి మాట్లాడితే పని జరగదు. రాత్రి షాపు మూసేశాక మీటింగ్ పెడితే వాళ్లు రాలేరు, ఇంట్లో ఒప్పుకోరు. బజారు షాపులకైతే వారంలో ఒకరోజు బందు ఉంటుంది, ఆరోజు కలవచ్చు. మాల్‌లో అందరికీ ఒకే రోజు సెలవు దొరకదు. రెండు మూడు విడతలుగా కలవండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, సగం మంది రాని సంఘం సగం మందిదే అవుతుంది.

వాట్సాప్ గ్రూపు పెడతారు, సహజం. షాపు వైఫై వాడకండి, షాపు ఇచ్చిన ఫోన్ వాడకండి. ఓనర్ గురించి తిట్లు, జోకులు గ్రూపులో వద్దు. ప్రతి మెసేజ్ స్క్రీన్‌షాట్ అయి మేనేజర్ టేబుల్ మీదకు వెళ్తుందనుకునే రాయండి.

ఈ దశలో మీకు ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నిజాయితీగా జవాబు చెప్పాలి, తోసిపుచ్చకూడదు.

"ఇక్కడ మనమంతా ఒక కుటుంబం" అంటారు. ఓనర్ పెళ్లికి చీర పెట్టి ఉండవచ్చు, అమ్మకు బాగోలేనప్పుడు అడ్వాన్స్ ఇచ్చి ఉండవచ్చు. ఆ మేలు నిజమే, దాన్ని కాదనకండి. అయితే అడ్వాన్స్ ఆయన దయ. వారానికో సెలవు మీ హక్కు. దయ చూపిన మనిషిని గౌరవిస్తూనే హక్కు అడగవచ్చు.

"యూనియన్ వస్తే షాపు మూసేస్తారు." ఈ భయంలో కొంత నిజం ఉంది, చిన్న షాపుల విషయంలో. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో నడిచే కొట్టులో ఓనర్ కూడా పన్నెండు గంటలు గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటాడు, ఆన్‌లైన్ దెబ్బకు బేరాలు తగ్గి ఉంటాయి. అలాంటి కొట్టు మీద విడిగా యూనియన్ పెట్టి పోరాడటం సరైన దారి కాదని నా అభిప్రాయం. అక్కడ ఊరంతటికీ కలిపి ఒక సంఘం ఉండి, వర్తక సంఘంతో మాట్లాడి, అన్ని కొట్లకూ ఒకే సెలవు, ఒకే మూసే సమయం తేవాలి. అప్పుడు ఏ ఒక్క ఓనరూ పక్క కొట్టుతో పోటీలో నష్టపోడు. ఊరికి మూడు బ్రాంచీలు తెరుస్తూ, సినిమా తారలతో ప్రారంభోత్సవాలు చేసే షోరూం, స్టూళ్లు వేస్తే మూతపడుతుందంటే మాత్రం నమ్మక్కర్లేదు.

"బయటి నాయకులొచ్చి రాజకీయం చేస్తారు, చివరికి వాళ్లూ ఓనర్లూ ఒకటవుతారు." ఇలా జరిగిన చోట్లున్నాయి, అందుకే జనానికి అనుమానం. దీనికి మందు నియమావళిలోనే ఉంది, అయిదో మెట్టులో చెబుతాను.

"నేను ఆరు నెలల్లో మానేస్తాను, నాకెందుకు?" చాలామంది యువత అలాగే అంటారు. పెళ్లి కుదిరేదాకా, కోచింగ్ డబ్బులు వచ్చేదాకా అని చేరతారు. వాళ్లను నిందించకండి. మానేసేటప్పుడు ఆఖరి నెల జీతం, పీఎఫ్, సర్టిఫికెట్లు సరిగ్గా చేతికి రావాలన్నది వాళ్లకూ ముఖ్యమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు షాపులో పెట్టుకున్న చోట ఆ ఒక్క విషయం మీదే వాళ్లు మీతో నిలబడతారు.

ఎంతమంది ఒప్పుకుంటే ముందుకు వెళ్లాలి? చట్టం అడిగేది తక్కువ. మీరు మాత్రం ప్రతి ఫ్లోర్‌లో, ప్రతి షిఫ్టులో ఒక్కరైనా గట్టిగా ఉన్నారా, మొత్తం మీద సగం కంటే ఎక్కువ మంది మీవైపు ఉన్నారా అని చూసుకోండి. దానికి ముందు బయటపడితే నలుగురు దొరికిపోతారు.

4. ఒక షాపు యూనియనా, ఊరి యూనియనా?

మీ షోరూంలో రెండొందల మంది, మూడొందల మంది ఉంటే షాపు యూనియన్ పెట్టుకోవచ్చు. ఇరవై ముప్పై మంది ఉంటే విజయవాడ బీసెంట్ రోడ్డు షాపులన్నీ కలిపి, లేదా హైదరాబాద్ అమీర్‌పేట షాపులన్నీ కలిపి పెట్టుకోవడం మేలు. షాపుల్లో మనుషులు త్వరత్వరగా మారిపోతారు. ఈ షోరూంలో మానేసి ఎదురు షోరూంలో చేరినా ఊరి యూనియన్‌లో సభ్యత్వం పోదు.

ఇప్పటికే ఉన్న పెద్ద సంఘాలకు అనుబంధంగా ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్, సీఐటీయూ వంటివాటికి లేబర్ ఆఫీసు దారి తెలుసు, లాయర్లు తెలుసు. మొదటిసారి దరఖాస్తు పెట్టేవాళ్లకు అది పెద్ద సాయం. రెండు మూడు సంఘాల కార్యాలయాలకు వెళ్లి, షాపు ఉద్యోగుల తరఫున ఇంతవరకు ఏం చేశారో అడగండి. సూటిగా చెప్పగలిగినవాళ్లను ఎంచుకోండి. ఎవరూ నచ్చకపోతే స్వతంత్రంగా ఉండండి.

5. సమావేశం, నియమావళి, రిజిస్ట్రేషన్

దరఖాస్తు మీద కనీసం ఏడుగురు సభ్యులు సంతకం చేయాలి. అది కాక, ఆ సంస్థలో లేదా ఆ రంగంలో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంతమంది దరఖాస్తు రోజుకు సభ్యులై ఉండాలి. మూడొందల మంది ఉన్న షోరూంలో ముప్పై మంది. నలభై మంది షాపులో 10 శాతం అంటే నలుగురే అయినా ఏడుగురు ఉండాల్సిందే. ఊరి యూనియన్ అయితే వంద మంది చాలు.

సమావేశం పెట్టి తీర్మానం చేయండి. ఎవరెవరు వచ్చారో సంతకాలు తీసుకుని మినిట్స్ పుస్తకంలో రాయండి. నియమావళిలో యూనియన్ పేరు, లక్ష్యాలు, ఎవరు సభ్యులు కావచ్చు, చందా ఎంత, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, కార్యవర్గాన్ని ఎలా ఎన్నుకోవాలి, ఎలా తీసేయాలి, లెక్కలు ఎవరు తనిఖీ చేయాలి, యూనియన్ రద్దు చేయాలంటే ఎలా అన్నవి ఉండాలి.

బయటివాళ్ల భయానికి మందు ఇక్కడే. అసంఘటిత రంగం కాని చోట కార్యవర్గంలో బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతకు మించకూడదని చట్టమే చెబుతోంది. మీరు ఇంకా కఠినంగా రాసుకోవచ్చు. ప్రధాన కార్యదర్శి, కోశాధికారి షాపులో పనిచేసేవాళ్లే కావాలని రాయండి. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు సభ్యుల ఓటు తప్పనిసరి అని రాయండి. ఆడవాళ్లు ఎంత శాతం ఉంటే కార్యవర్గంలోనూ అంత శాతం ఉండాలని రాయండి. ఈ మూడు వాక్యాలూ రాబోయే పదేళ్లూ మీ యూనియన్‌ను కాపాడతాయి.

చందా చిన్నదైనా నెలనెలా తీసుకోండి, రసీదు ఇవ్వండి. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకం పెట్టండి.

అఫిడవిట్, సభ్యుల పేర్లు, వృత్తులు, చిరునామాలు, నియమావళి ప్రతి, తీర్మానం ప్రతి జతచేసి ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టాలి. మీ ప్రాంతానికి రిజిస్ట్రార్ ఎవరో, ఇప్పుడు నడుస్తున్న ఫారం ఏదో, ఫీజు ఎంతో కార్మిక శాఖ డిప్యూటీ కమిషనర్ కార్యాలయంలో చెబుతారు. ఏది ఇచ్చినా తేదీతో రసీదు తీసుకోండి.

6. తెలిసిపోయాక ఏం జరుగుతుందో ముందే మాట్లాడుకోండి

యాజమాన్యానికి తెలిసిన వారంలోనే కొన్ని కనిపిస్తాయి. చురుగ్గా ఉన్నవాళ్లను ఇంకో ఊరి బ్రాంచికి బదిలీ చేస్తారు. కొందరికి హఠాత్తుగా ఇన్‌ఛార్జ్ పదవి ఇస్తారు. తల్లిదండ్రులకు ఫోన్ చేసి "మీ అమ్మాయి దారి తప్పుతోంది" అంటారు. ఇవన్నీ రావచ్చని సభ్యులకు ముందే చెప్పి ఉంచితే, వచ్చిన రోజు భయపడరు.

యూనియన్‌లో చేరితే తీసేస్తామని బెదిరించడం, అందుకోసమే బదిలీ చేయడం, కక్ష కట్టి ఉద్యోగం తీసేయడం, యాజమాన్యమే తనకు అనుకూలమైన యూనియన్ పెట్టించడం చట్టంలో అనుచిత కార్మిక చర్యలు. వీటికి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆరు నెలలు వరసగా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వకుండా తీసేయకూడదని మన రెండు రాష్ట్రాల దుకాణాల చట్టం 47వ సెక్షన్‌లో ఉంది. తీసేస్తే అప్పీలుకు దారి ఉంది.

కానీ చట్టం నడవాలంటే కాగితం కావాలి. ప్రతి ఒక్కరూ అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, బయోమెట్రిక్ వివరాలు ఫోటో తీసి షాపుకు సంబంధం లేని చోట దాచుకోండి. ఎవరైనా బెదిరిస్తే అదే రోజు తేదీ, టైమ్, ఎవరు ఏమన్నారు, ఎవరు విన్నారు రాసి పెట్టండి. ఖాళీ కాగితం మీద, రాజీనామా కాగితం మీద ఎంత ఒత్తిడి చేసినా సంతకం పెట్టొద్దు. "ఇంట్లో అడిగి రేపు చెబుతాను" అని బయటికి రండి. ఈ ఒక్క వాక్యం అందరికీ నేర్పండి.

యూనియన్ నాయకుల్లో కొందరిని రక్షిత కార్మికులుగా గుర్తించమని ఏటా యాజమాన్యాన్ని కోరవచ్చు. మొత్తం ఉద్యోగుల్లో 1 శాతం, కనీసం ఐదుగురు. వివాదం నడుస్తున్నప్పుడు వీళ్లను సంబంధిత అధికారి అనుమతి లేకుండా తీసేయడానికి లేదు.

7. డిమాండ్ పత్రం నుంచి ఒప్పందం దాకా

మర్యాదగా, ఒకటి రెండు పేజీల్లో రాయండి. ఏం కావాలి, ఏ చట్టం ప్రకారం, ఎప్పటిలోగా. రిజిస్టర్డ్ పోస్టులో ఒకటి పంపి, చేతికి ఒకటి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇరవై మంది, అంతకు మించి ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యాజమాన్యం వైపు, ఉద్యోగుల వైపు సమానంగా సభ్యులు, ఆడవాళ్లకు సంఖ్యకు తగ్గ చోటు ఉంటాయి. ఒక్కొక్కరి సమస్యలకు అది బాగా పనికొస్తుంది. ఆ కమిటీ లేకపోతే దాన్ని పెట్టమనడమే మొదటి డిమాండ్ చేయవచ్చు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు మాత్రం 2013 చట్టం కింద ఉండాల్సిన అంతర్గత కమిటీకే వెళ్లాలి.

చర్చలకు కూర్చునే హోదా ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. షాపులో ఒకటే రిజిస్టర్డ్ యూనియన్ ఉంటే నిబంధనల మేరకు దాన్నే చర్చల యూనియన్‌గా గుర్తించాలి. ఒకటి కంటే ఎక్కువ ఉంటే మస్టర్‌లో 51 శాతం మద్దతు ఉన్నదానికి ఆ హోదా. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతు ఉన్న యూనియన్లన్నీ కలిసి ఒక మండలిగా కూర్చుంటాయి. సగం కంటే ఎక్కువ మంది మీవైపు ఉండాలని మూడో మెట్టులో అన్నది ఇందుకే.

జవాబు రాకపోతే లేబర్ ఆఫీసర్ దగ్గర కన్సిలియేషన్‌కు, అంటే అధికారి మధ్యవర్తిగా జరిపే రాజీ చర్చలకు వెళ్లండి. అక్కడ ఒక కీలకమైన విషయం గుర్తుపెట్టుకోండి. మీరూ యాజమాన్యమూ బయట రాసుకున్న ఒప్పందం సంతకం చేసిన పక్షాలనే కట్టేస్తుంది. కన్సిలియేషన్ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందమైతే అప్పుడున్న ఉద్యోగులకే కాదు, తర్వాత చేరేవాళ్లకూ వర్తిస్తుంది. మనుషులు ఇంత వేగంగా మారే షాపుల్లో ఇది చాలా పెద్ద తేడా. ఓనర్ రూంలో అంతా బాగానే తేలినా, "సార్, ఇదే లేబర్ ఆఫీసులో రాసుకుందాం" అని అడగండి.

ఆలస్యానికి సిద్ధపడండి. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం టౌసన్‌లోని యాపిల్ స్టోర్ ఉద్యోగులు 2022 జూన్‌లో యూనియన్ కోసం ఓటేసి గెలిచారు. వాళ్ల మొదటి ఒప్పందం తేలింది 2024లో. మధ్యలో సభ్యులు నీరసపడకుండా ఉండాలంటే నెలకోసారైనా సమావేశం జరగాలి, ఏం జరుగుతోందో అందరికీ చెప్పాలి, ఏమీ జరగకపోతే అదైనా చెప్పాలి.

సమ్మె గురించి క్లుప్తంగా. ఇప్పటి చట్టం ప్రకారం కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కన్సిలియేషన్ నడుస్తున్నప్పుడు, అది ముగిసిన 7 రోజుల దాకా సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ఇది తెలియక దసరా ముందు రోజు అందరూ కలిసి సెలవు పెడితే చట్టవిరుద్ధ సమ్మె అవుతుంది. షాపు ఉద్యోగులకు పొదుపు తక్కువ, నెల జీతం ఆగితే ఇంటి అద్దె ఆగుతుంది. సమ్మెకు వెళ్లకుండా ఏం చేయవచ్చో ముందు చూడండి. నల్ల బ్యాడ్జీతో పనిచేయడం, లేబర్ ఆఫీసుకు సామూహిక ఫిర్యాదు, ఇన్‌స్పెక్షన్ కోరడం, కస్టమర్లకు మర్యాదగా ఒక కరపత్రం. కొనడానికి వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఇలాంటి ఉద్యోగాలు చేసే పిల్లలే ఉంటారు, వాళ్లు మీ మాట వింటారు.

8. ఒప్పందం తర్వాత

ఒప్పందాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పంచ్ పెట్టే మెషిన్ పక్కన అంటించండి. హిందీ మాట్లాడే ఉత్తరాది పిల్లలు ఉంటే హిందీలోనూ పెట్టండి. కొత్తగా చేరిన ప్రతి మనిషినీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు కలిసి సభ్యత్వం రాయాలి, ఆ పని ఫ్లోర్‌కు ఒకరికి అప్పగించండి. సభ్యుల సంఖ్య చట్టం అడిగిన కనీసానికి తగ్గితే రిజిస్ట్రేషన్‌కే ముప్పు.

ఏటా లెక్కలు ఆడిట్ చేయించి రిజిస్ట్రార్‌కు రిటర్న్ దాఖలు చేయాలి. కార్యవర్గం మారినా, నియమావళి మారినా తెలియజేయాలి. రిటర్నులు వేయక రిజిస్ట్రేషన్ పోగొట్టుకోవడం ఎవరికైనా జరగవచ్చు. కోశాధికారి ఫోన్‌లో ఆ తేదీకి రిమైండర్ పెట్టించండి, ఆయనో ఆవిడో ఉద్యోగం మానేస్తే పుస్తకాలు, పాస్‌బుక్, స్టాంపు ఎవరికి అప్పగించాలో మినిట్స్‌లో ముందే రాసి ఉంచండి.